మోసే నలుగురి కోసం వెతుక్కోని ఊరు

మన దగ్గర పెద్దవాళ్లు ఓ మాట అంటుంటారు. 'ఎంత సంపాదించావన్నది కాదురా, పోయిన రోజు మోయడానికి నలుగురిని సంపాదించుకున్నావా లేదా అన్నదే లెక్క' అని. 'ఆ నలుగురు' సినిమా చూసి ఏడ్చిన వాళ్లకి ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ నలుగురిని మన మంచితనంతోనో, మాటసాయంతోనో జీవితమంతా కష్టపడి సంపాదించుకోవాలి. కుదరకపోతే? ఈమధ్య సిటీల్లో దానికీ సర్వీసులు వచ్చేశాయి. ఫోన్ చేస్తే పాడె దగ్గర నుంచి పంతులుగారి దాకా అన్నీ ప్యాకేజీలోనే.

ఆ నలుగురిని సంపాదించుకోవాల్సిన పనే లేని ఊరు ఒకటి ఉందని నాకు ఐజ్వాల్ వెళ్లాకే తెలిసింది. మిజోరం రాజధాని అది. ఉద్యోగం పేరుతో అక్కడ రెండున్నరేళ్లు ఉన్నాను. మేఘాలు, వెదురు చికెన్, హారన్ కొట్టని ట్రాఫిక్... ఇవన్నీ రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. నేను చెప్పబోయేది రీల్‌లో పట్టని సంగతి. దాని పేరు యంగ్ మిజో అసోసియేషన్. అక్కడ అందరూ వైఎంఏ అంటారు.

రాత్రి మైకు, పొద్దున పలుగు

ఐజ్వాల్‌లో పేటని 'వెంగ్' అంటారు. ప్రతి వెంగ్‌లోనూ స్తంభాల మీద మైకులు ఉంటాయి. నేను వెళ్లిన రెండో నెలలో ఓ రాత్రి ఆ మైకు మోగింది. భాష రాదు కాబట్టి కరెంటు గురించో నీళ్ల గురించో అనుకున్నాను. పక్క గదిలో ఉండే మా ఆఫీసు కుర్రాడు అప్పటికే స్వెట్టర్ వేసుకుంటున్నాడు.

'ఏమైంది?' అన్నాను.

'కింది వీధిలో ఓ పెద్దావిడ పోయారు. రాత్రికి వాళ్లింట్లో కూర్చోవాలి. పొద్దున గొయ్యి తవ్వాలి.'

'మీ చుట్టాలా?'

'కాదు. మా వెంగ్.'

అంతే చెప్పి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఎవరు పోయారో కూడా అతనికి సరిగ్గా తెలీదని మర్నాడు అర్థమైంది. మనిషి తెలియకపోయినా మనిషి పోయిన కబురు వస్తే చాలు.

పొద్దున నేనూ వెళ్లాను. ప్రతి పేటకీ దాదాపుగా సొంత శ్మశానం ఉంటుంది, అదీ కొండవాలులోనే. ఇరవై, ముప్పై మంది కుర్రాళ్లు పలుగులు, పారలతో వంతులవారీగా తవ్వుతున్నారు. ఒకరు కాలేజీ, ఇంకొకరు టాక్సీ డ్రైవర్, మరొకరు సెక్రటేరియట్ ఉద్యోగి. అడుగు లోతు దిగేసరికి రాయి తగిలింది. ఎవరూ విసుక్కోలేదు. ఒకడు అలిసిపోతే ఇంకొకడు అడక్కుండానే గుంతలోకి దిగుతున్నాడు. చావు ఇంటివాళ్లు శ్మశానం పనుల జోలికి రానే లేదు. గొయ్యి, పెట్టె, కుర్చీలు, టీ... అన్నీ పేటవాళ్లవే. ఆ ఇంటివాళ్ల పని ఏడవడం ఒక్కటే. వాళ్లని తనివితీరా ఏడవనిచ్చేందుకే మిగతా పనంతా ఊరు తీసుకుంటుందనిపించింది.

రాత్రిళ్లు ఆ ఇంటిని ఒంటరిగా వదలరు. పేటలోని కుర్రకారు వెళ్లి కూర్చుంటారు. డప్పు మీద నెమ్మదిగా దెబ్బ వేస్తూ కలిసి పాడతారు. దూరపు ఊళ్లలో బంధువులుంటే కబురు చెప్పడానికి పూర్వం ఇద్దరు యువకులు రాత్రయినా అడవిలో నడిచి వెళ్లేవాళ్లట. వాళ్లని 'జువల్కో' అంటారు. ఇప్పుడు వాట్సాప్ వచ్చింది కాబట్టి ఆ నడక తగ్గింది. మిగతాదేదీ తగ్గలేదు.

నలభై కాదు, ఎనభై తొమ్మిది కాదు... 1935 నుంచి

వైఎంఏ పుట్టింది 1935 జూన్ 15న. అప్పట్లో ఆ కొండల్ని లుషాయ్ హిల్స్ అనేవారు కాబట్టి దీని పేరు యంగ్ లుషాయ్ అసోసియేషన్. 1947లో 'మిజో' అని మార్చుకున్నారు. వేల్స్ నుంచి వచ్చిన మిషనరీలు, చదువుకున్న మిజో యువకులు కలిసి మొదలుపెట్టారు.

అంతకుముందు మిజో గ్రామాల్లో 'జోల్‌బుక్' అనే పెద్ద ఇల్లు ఉండేది. పెళ్లికాని కుర్రాళ్లంతా రాత్రిళ్లు అక్కడే పడుకునేవాళ్లు. వేట, కుస్తీ, ఊరి కాపలా, పెద్దల మాట వినడం... అన్నీ అక్కడే నేర్చుకునేవాళ్లు. బడులు, చర్చిలు వచ్చాక జోల్‌బుక్‌లు మూతపడ్డాయి. ఆ ఖాళీలో కుర్రాళ్లని కలిపి ఉంచడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. అదే వైఎంఏ అయింది. మూడు లక్ష్యాలు రాసుకున్నారు: ఖాళీ సమయాన్ని మంచికి వాడటం, మిజో సమాజ అభివృద్ధి, క్రైస్తవ విలువల్ని గౌరవించడం.

ఇప్పుడు దీనికి 800కు పైగా శాఖలు, 4 లక్షలకు పైగా సభ్యులు. 2011 లెక్కల ప్రకారం మిజోరం జనాభా దాదాపు 11 లక్షలే. అంటే పసిపిల్లలు, ముసలివాళ్లు పోగా మిగిలినవాళ్లలో చాలామంది ఇందులో ఉన్నట్టే. 'మీరు వైఎంఏలో చేరారా?' అని అక్కడ ఎవరినైనా అడిగితే వింతగా చూస్తారు. 'మీరు మీ ఇంట్లో చేరారా?' అని అడిగినట్టు ఉంటుంది వాళ్లకి.

ఇదంతా నడిపించే మాట ఒకటుంది. 'త్లోమ్‌న్గైహ్నా'. నాకు నోరు తిరగడానికే నెల పట్టింది. తెలుగులో ఒక్క మాటలో చెప్పడం కష్టం. అడక్కుండా ముందుకు రావడం, చేశాక చెప్పుకోకపోవడం, తన కష్టం ఎదుటివాడికి భారం కాకుండా చూసుకోవడం... ఇవన్నీ కలిపితే అది. శనివారాల్లోనో సెలవుల్లోనో పేటంతా కలిసి మెట్లు బాగుచేయడం, కాలువలు తీయడం, మొక్కలు నాటడం చేస్తారు. దాన్ని 'హ్నత్లాంగ్' అంటారు. మన శ్రమదానం లాంటిదే. తేడా ఏంటంటే, మన దగ్గర శ్రమదానానికి ఫొటోగ్రాఫర్ ముందొస్తాడు.

గొయ్యి తవ్విన చేతులే శిథిలాలూ తవ్వుతాయి

ఐజ్వాల్‌ని కింద నుంచి చూస్తే ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. రోడ్డు వైపు రెండంతస్తుల ఇల్లు, వెనక నుంచి చూస్తే ఆరంతస్తులు. వానాకాలంలో ఆ కొండలు కదులుతాయి. అక్కడ కొండచరియలు విరిగిపడటం ఎప్పుడో వచ్చే విపత్తు కాదు, ఏటా వచ్చే సీజన్.

2024 మే 28. రెమాల్ తుపాను వాన రాత్రంతా కురిసింది. తెల్లవారుజామున ఐజ్వాల్ శివారు మెల్తుమ్‌లో రాతి క్వారీ కూలింది. ఇంకొన్ని చోట్లా మట్టి జారింది. ఆ రోజు ఐజ్వాల్ చుట్టుపక్కల 25 మందికి పైగా చనిపోయారు. పోలీసులు, విపత్తు దళాలతో పాటు వైఎంఏ కుర్రాళ్లూ ఆ మట్టిలోకి దిగారు.

2023 ఆగస్టు 23. సైరాంగ్ దగ్గర కడుతున్న రైల్వే వంతెన మీద గ్యాంట్రీ కూలి 20 మందికి పైగా కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. 2022 నవంబరు 14న హ్నాథియల్ జిల్లాలో క్వారీ కూలి 12 మంది కార్మికులు పోయారు. వాళ్లలోనూ చాలామంది వేరే రాష్ట్రాలవాళ్లే. రెండు చోట్లా చుట్టుపక్కల ఊళ్ల వాలంటీర్లు సహాయక చర్యల్లో ఉన్నారు.

ఇంత వేగంగా ఎలా వస్తారని మా ఇంటి ఓనరుగారిని అడిగాను. ఆయన్ని అందరూ 'కా పు' అనేవాళ్లు, అంటే మన 'అయ్యా' లాంటి పిలుపు. కుర్రతనంలో ఆయన ఆ పేట వైఎంఏలో నాయకుడు.

'కా పూ, వీళ్లకి ట్రైనింగ్ ఎవరిస్తారు?'

ఆయన నవ్వారు. 'చావులు ఇస్తాయి.'

మొదట అర్థం కాలేదు. తర్వాత ఆలోచిస్తే అంతా అందులోనే ఉంది. నెలకి ఒకటో రెండో చావులు. ప్రతిసారీ మైకు మోగుతుంది, మనుషులు వస్తారు. పలుగులెక్కడున్నాయో, ఎవరికి వెల్డింగ్ వచ్చో, ఎవరి బండి పెద్దదో, ఏ ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉన్నారో, ఎవరి మాట ఎవరు వింటారో అందరికీ తెలుసు. కొండ విరిగిపడిన రోజు కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ ఉండదు. అదే మైకు, అవే పలుగులు, అవే చేతులు. గుంత పెద్దది, అంతే.

విపత్తు సాయం అంటే మనకి హెలికాప్టర్, లైఫ్ జాకెట్ గుర్తొస్తాయి. అవీ కావాలి. కానీ అవి వచ్చేలోపు ఉండే ఆరేడు గంటలు పక్కింటివాళ్లవే.

బాంబులు చూసిన ఊరు

ఈ శాంతి అక్కడ ఉచితంగా రాలేదు. మిజోరంలో ఓ రకం వెదురు దాదాపు 48 ఏళ్లకోసారి పూస్తుంది. పూసినప్పుడు ఆ గింజలు తిని ఎలుకలు విపరీతంగా పెరుగుతాయి. గింజలయ్యాక పొలాల మీద పడతాయి. అలా 1959లో కరువొచ్చింది. ప్రభుత్వం పట్టించుకోలేదన్న కోపం పెరిగింది. కరువు సాయం కోసం పెట్టిన సంస్థ 1961లో రాజకీయ సంస్థగా, మిజో నేషనల్ ఫ్రంట్‌గా మారింది. 1966 మార్చిలో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. అదే నెలలో ఐజ్వాల్ మీద మన వైమానిక దళమే దాడి చేసింది. తర్వాతి ఏళ్లలో పల్లెల్ని ఖాళీ చేయించి, జనాన్ని రోడ్ల పక్కన కాపలా గ్రామాల్లోకి తరలించారు. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

1986 జూన్ 30న శాంతి ఒప్పందం కుదిరింది. 1987 ఫిబ్రవరి 20న మిజోరం రాష్ట్రమైంది. ఆ ఒప్పందం కోసం చర్చిలు, పౌర సంఘాలు రెండు వైపులా నచ్చజెప్పాయి. సాయుధ పోరాటం ఆగి, ఆగినట్టే ఉండిపోయిన ఉదాహరణలు మన దేశంలో తక్కువ. మిజోరం అందులో ఒకటి.

తుపాకులు దింపడానికి సంతకం చాలు. ఆ తర్వాత అడవి నుంచి తిరిగొచ్చినవాడు, వాడి వల్ల నష్టపోయినవాడు ఒకే వీధిలో బతకాలి. ఒకరింట్లో చావుకి ఇంకొకరు గొయ్యి తవ్వాలి. ఆ పని ఏ ఒప్పందంలోనూ రాసి ఉండదు.

2021 ఫిబ్రవరిలో మయన్మార్‌లో సైన్యం అధికారం లాక్కుంది. చిన్ కొండల నుంచి జనం తియావ్ నది దాటి మిజోరంలోకి వచ్చారు. రానివ్వొద్దని కేంద్రం సరిహద్దు రాష్ట్రాలకి చెప్పింది. మిజోరం వినలేదు. 30 వేల మందికి పైగా వచ్చారు. చర్చిలు, గ్రామాలు, వైఎంఏ శాఖలు వెదురు, టార్పాలిన్‌లతో గుడిసెలు వేసి, బియ్యం, బట్టలు, డబ్బు పోగుచేశాయి. 2023 మేలో మణిపూర్ మండినప్పుడు అక్కడి నుంచి ఇంకో 12 వేల మంది దాకా వచ్చారు. దేశంలోని చిన్న రాష్ట్రాల్లో ఒకటైన మిజోరం పెద్ద మనసు చూపించిందని అందరూ మెచ్చుకున్నారు.

గీత ఎక్కడ గీస్తారు?

ఇక్కడే ఆపేస్తే ఇది మంచి ఫీల్‌గుడ్ స్టోరీ. కానీ నేను అక్కడ 'వాయ్'ని. మైదానాల నుంచి వచ్చిన బయటివాణ్ని అలా అంటారు. ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని అడుగుపెట్టినవాణ్ని. బయట నుంచి చూసేవాడికి గీత ఎక్కడుందో ముందు కనిపిస్తుంది.

మయన్మార్ నుంచి వచ్చిన చిన్‌లు, మణిపూర్ నుంచి వచ్చిన కుకీలు మిజోలకి రక్తసంబంధీకులు. భాష, పాటలు, దేవుడు కలుస్తాయి. మరి అందరికీ ఇదే తలుపు తెరుచుకుందా?

1997లో పశ్చిమ మిజోరంలోని బ్రూలు తమకి స్వయంపాలిత మండలి కావాలన్నారు. వీళ్లని రియాంగ్‌లు అని కూడా అంటారు. వైఎంఏతో సహా మిజో సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. ఆ ఏడాది అక్టోబరులో ఓ మిజో అటవీ ఉద్యోగి హత్య తర్వాత గొడవలు చెలరేగాయి. 30 వేల మందికి పైగా బ్రూలు త్రిపురకి పారిపోయి శిబిరాల్లో బతికారు. రెండు దశాబ్దాలు దాటాక, 2020 జనవరిలో కుదిరిన ఒప్పందంతో వాళ్లు త్రిపురలోనే స్థిరపడేందుకు ఒప్పుకున్నారు. అంటే సొంత రాష్ట్రానికి తిరిగి వెళ్లకుండానే కథ ముగిసింది. శిబిరాల్లో ఓటు వేయడానికి వాళ్లకి అనుమతి ఇవ్వొద్దని 2018 ఎన్నికల ముందు మిజో సంఘాలు పెద్ద ఆందోళనే చేశాయి.

మణిపూర్ గొడవలప్పుడు, 2023 జులైలో, ఐజ్వాల్‌లోని మైతేయిలు కొందరు భయంతో ఊరు వదిలి వెళ్లారు. ప్రభుత్వం భద్రతకి హామీ ఇచ్చినా వెళ్లారు. మత్తుమందుల మీద పోరు పేరుతో వాలంటీర్లు పోలీసుల్లా ప్రవర్తిస్తారని, చేయి చేసుకుంటారని ఆరోపణలూ ఉన్నాయి. గొయ్యి తవ్వడం మగపిల్లల పని, టీ కాచడం ఎక్కువగా ఆడపిల్లల పని అన్నది నేను కళ్లారా చూసిందే.

ఓసారి ఈ సంగతే మా ఆఫీసు కుర్రాడిని అడిగాను. 'బ్రూలు కూడా మీ రాష్ట్రం వాళ్లేగా?'

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: 'అన్నా, మేం పది లక్షల మందిమి. మీరెంత?'

'తెలుగువాళ్లమా? ఎనిమిది కోట్ల పైనే.'

'మీకు కరిగిపోతామనే భయం ఉండదు. మాకు రోజూ ఉంటుంది.'

ఆ భయం అబద్ధం కాదు. కానీ శిబిరంలో పుట్టి అక్కడే ఇరవై ఏళ్లవాడైన బ్రూ కుర్రాడి బతుకూ అబద్ధం కాదు. మనుషుల్ని అంత గట్టిగా కలిపి ఉంచే ముడే, బయటివాడికి గోడ అవుతుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులని నేను నమ్మలేకపోతున్నాను. అయితే ఇంకోటి కూడా నిజం. సైరాంగ్‌లోనూ హ్నాథియల్‌లోనూ పోయినవాళ్లలో ఎక్కువమంది 'వాయ్'లే. ఆ రోజు మాత్రం ఎవరూ ఎవరి భాష ఏంటని అడగలేదు. శవాన్ని మోసినంత సహజంగా బతికున్నవాణ్ని పక్కన కూర్చోబెట్టుకోగలిగితే వైఎంఏ ఇంకా ఎంత పెద్దదయ్యేదో అనిపిస్తుంది.

మన వీధి సంగతి

నేను తిరిగొచ్చేశాక, 2024 సెప్టెంబరు 1న విజయవాడని బుడమేరు ముంచింది. మా అక్కవాళ్లది సింగ్ నగర్. ఆ రోజుల్లో మన కుర్రాళ్లు ఏం తక్కువ చేయలేదు. లారీ ట్యూబులు కట్టి తెప్పలు చేశారు, పీకల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు కూడా దించారు. మనసు మన దగ్గరా ఉంది. దానికి లోటు లేదు.

లేనిది లిస్టు. మా అక్కవాళ్ల వీధిలో ఓ పెద్దాయన మేడ మీద గదిలో రెండు రోజులు ఒక్కరే ఉండిపోయారు. పడవ ఆ ఇంటి ముందు నుంచే నాలుగుసార్లు వెళ్లింది. లోపల మనిషి ఉన్నారని పడవలోని వాళ్లకి తెలీదు, పక్కింటివాళ్లకీ తెలీదు. 'ఆయన కొడుకు దగ్గరికి వెళ్లిపోయారనుకున్నాం' అన్నారు. అదృష్టం బాగుండి బయటపడ్డారు.

ఐజ్వాల్ పేటలో ఇలా జరిగే అవకాశం తక్కువ. అక్కడివాళ్లు మనకంటే మంచివాళ్లని కాదు. నెలకోసారైనా ఆ ఇంటి గుమ్మంలోకి ఏదో పని మీద ఎవరో ఒకరు వెళ్లి ఉంటారు, అంతే.

వైఎంఏని మనం ఇక్కడ కాపీ కొట్టలేం. కులాలు, అద్దె ఇళ్లు, నైట్ షిఫ్టులు... మన లెక్కలు వేరు. కొట్టాల్సిన అవసరమూ లేదు. దాని గీతల్ని కూడా మోసుకు రావాల్సి వస్తుంది. మన గీతలు మనకి చాలవా? కానీ ఆ లిస్టు ఒక్కటి తెచ్చుకోవచ్చు. ఎవరింట్లో ముసలివాళ్లు ఒంటరిగా ఉన్నారు, ఎవరికి డయాలసిస్, ఎవరికి ఈత వచ్చు, ఎవరి దగ్గర నిచ్చెన ఉంది.

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. వాట్సాప్ గ్రూప్‌లో రోజుకి వంద గుడ్‌మార్నింగులు. పోయిన నెల ఓ ఆదివారం నోట్‌బుక్ పట్టుకుని తలుపులు కొట్టడం మొదలుపెట్టాను. మూడో అంతస్తు ఆంటీ సొసైటీ ఎన్నికల్లో నిలబడుతున్నావా అని అడిగింది. ఇద్దరు తలుపు తీయలేదు. నా ఎదుటి ఫ్లాట్‌లో ఓ పెద్దావిడ ఉన్నారని, ఆవిడకి కుడికన్ను కనబడదని ఆ రోజే తెలిసింది. 'మళ్లీ రా బాబూ, కాఫీ తాగుదువు' అన్నారు.

ఇప్పటికి 26 ఇళ్లు పూర్తయ్యాయి. ఇంకో 14 ఉన్నాయి.